తెగిన వైరుని డబ్బాలో పడేయకండి

సంపాదకుల గారికి,

విజయవాడ సూర్యారావుపేటలో ఏ ఎముకల ఆసుపత్రి ముందు కాసేపు నిలబడ్డా ఒక మాట చెవిన పడుతుంది. "నాసిరకం వైరు వేశారండీ, అందుకే తెగింది." మోకాలి చిప్పకో మోచేతికో కట్టిన తీగ నాలుగు రోజులు నడిచేసరికి తెగిపోయి ఎక్స్‌రేలో రెండు ముక్కలుగా కనపడితే ఇంట్లోవాళ్లకి అలా అనిపించడంలో తప్పేం లేదు. ఖర్చు పెట్టింది వాళ్లు, మళ్లీ బల్ల ఎక్కాల్సింది వాళ్ల మనిషి. కాకపోతే పాలిటెక్నిక్ వర్క్‌షాపులో పిల్లలకి లోహాన్ని లాగడం, వంచడం, తెంచడం నేర్పి రిటైరైనవాణ్ని కాబట్టి ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒకటే అడగాలనిపిస్తుంది, తెగిన చోటు ఎవరైనా చూశారా అని.

మా బావమరిది గుంటూరు మిర్చి యార్డులో గుమస్తా. టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య కాలు జారి పడితే మోకాలి చిప్ప అడ్డంగా రెండు ముక్కలైంది. రెండు సన్నటి కడ్డీలు దూర్చి, వాటి చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో వైరు చుట్టి బిగించారు. కొన్నాళ్లకి ఆ వైరు తెగింది. ఎక్స్‌రే ఫిల్ము కిటికీ వెలుతురులో పెట్టి చూస్తే అది తెగింది మధ్యలో కాదు, మెలి తిప్పిన ముడి సరిగ్గా ఎక్కడ మొదలవుతుందో అక్కడ. రెండో ఆపరేషన్‌లో తీసిన ముక్క ఇవ్వమంటే "వేస్ట్‌లో పోయిందండీ" అన్నారు. డిశ్చార్జ్ సమ్మరీలో "టీబీడబ్ల్యూ డన్" (టెన్షన్ బ్యాండ్ వైరింగ్, అంటే ఆ ఎనిమిది అంకె కట్టు, చేశాం) అని రెండు మాటలు తప్ప ఏం లోహం, ఎంత లావు, ఏ బ్యాచి అన్న ఊసే లేదు. మరి నాసిరకమో కాదో తేలేదెలా?

ఎముకని తీగతో కట్టడం కొత్తేం కాదు. 1877లోనే లండన్‌లో జోసెఫ్ లిస్టర్ అనే సర్జన్ విరిగిన మోకాలి చిప్పని వెండి తీగతో కట్టాడు. ఇప్పుడు ఎక్కువగా వాడేది 316ఎల్ రకం స్టెయిన్‌లెస్ స్టీలు. అందులో క్రోమియం, నికెల్‌తో పాటు రెండు మూడు శాతం మాలిబ్డినం ఉంటుంది, కార్బన్ చాలా తక్కువ. ఒంట్లో ఉండేది ఉప్పునీరే కాబట్టి మాలిబ్డినం లేకపోతే తీగ మీద సూదిమొనంత గుంటలు పడి అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. కొందరు జేబులో అయస్కాంతం పెట్టుకుని వస్తున్నారు, అంటుకోకపోతే ఒరిజినల్ అంటూ. మన వంటింటి గిన్నెల 304 స్టీలు కూడా చాలావరకు అంటుకోదు, కాబట్టి ఆ పరీక్ష వల్ల తేలేదేమీ లేదు.

ఇక బలం సంగతి. మిల్లీమీటరు మందం మెత్తటి వైరు నేరుగా లాగితే సుమారు 40 కిలోల దాకా ఆగుతుంది. మందం 1.25 మిల్లీమీటర్లకి పెంచితే అదే లోహం 60 కిలోలు దాటుతుంది, ఎందుకంటే బలం మందంతో కాదు, మందం వర్గంతో పెరుగుతుంది. "అయితే లావు వైరే వేయొచ్చుగా" అంటారు. వేయొచ్చు, కానీ లావు పెరిగేకొద్దీ అది చెప్పినట్టు వంగదు, ఎముకకి హత్తుకోకుండా ఎక్కడో సందు వదులుతుంది, ఆ సందే తర్వాత వదులవుతుంది. తీగని అచ్చులోంచి చల్లగా లాగి గట్టిపరిస్తే బలం దాదాపు రెట్టింపు చేయొచ్చు, కానీ అంత గట్టి తీగ మెలి తిప్పబోతే స్ప్రింగులా వెనక్కి తన్నుతుంది. అందుకే ముడి వేసే వైరుని కాల్చి మెత్తబరుస్తారు. సన్నటి పోగులు పేనిన కేబుల్ కూడా ఉంది, పదే పదే వంగినా ఒంటి తీగ కంటే ఎక్కువ కాలం ఆగుతుంది, ధరా దానికి తగ్గట్టే ఎక్కువ ఉంటుంది.

అసలు తీగని తెంచేది ఒక్కసారి పడే బరువు కాదు. సెంట్రింగ్ పనివాళ్లు బైండింగ్ వైరుని కట్టర్ లేకుండా ఎలా తెంచుతారో చూడండి, ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు వంచుతారు, అంతే. మోకాల్లోనూ అదే పని నెమ్మదిగా జరుగుతుంది. మెట్లు దిగేటప్పుడు చిప్ప మీద పడే ఒత్తిడి ఒంటి బరువుకి మూడు రెట్ల దాకా పోతుంది, అదంతా 40 కిలోల తీగ మోయాలంటే ఏ కంపెనీ తీగ అయినా ఆగదు. ఆ బరువంతా తీగ మీద పడకుండా చూడడమే ఎనిమిది అంకె కట్టులోని కిటుకు. తొడ కండరం లాగే లాగుడుని ఎముక ముక్కలు ఒకదాన్నొకటి ఒత్తుకునేలా మళ్లిస్తుంది, బరువు ఎముక మోస్తుంది, తీగ పట్టుకుని ఉంటుంది. ముక్కల మధ్య సందు మిగిలిందా, అడుగు వేసినప్పుడల్లా తీగ వంగుతూనే ఉంటుంది. ఎముక ముందు అతుక్కుంటే సరి, లేదంటే తీగ అలిసిపోతుంది.

అందుకే తీగ బలం ఫ్యాక్టరీలో సగమే తయారవుతుంది, మిగతా సగం ఆపరేషన్ బల్ల మీద తయారవుతుంది. వర్క్‌షాపులో పిల్లలకి ఇదే గొంతు చించుకుని చెప్పేవాణ్ని: మెలి తిప్పేటప్పుడు రెండు కొనల్నీ సమానంగా పైకి లాగుతూ తిప్పాలి. ఒకటి నిటారుగా నిలబడి రెండోది దాని చుట్టూ పాకితే చూడ్డానికి ముడిలానే ఉంటుంది, లాగితే జారిపోతుంది. బిగిసింది చాలక ఇంకో చుట్టు తిప్పితే ముడి మొదట్లోనే తీగ నలిగిపోతుంది. ప్లయర్ పళ్లు దిగి గీత పడితే పగులు అక్కడే పుడుతుంది. మిగిలిన కొన వంచేటప్పుడు కూడా తిప్పిన వైపే వంచాలి, ఎదురు వంచితే బిగింపు పోతుంది. ఎనిమిది అంకెకి ఒక పక్కనే కాకుండా రెండు పక్కలా ముడి వేస్తే బిగింపు సమానంగా వస్తుంది. డాక్టర్లకి నేను చెప్పేదేంటి, ఇవన్నీ వాళ్ల పాఠాల్లో ఉన్నవే. కానీ రోజుకి అన్ని కేసుల మధ్య, రాత్రి పన్నెండింటికి, అరిగిపోయిన ప్లయర్‌తో చేస్తే ఎంత మంచి తీగైనా ఏం చేస్తుంది?

తీగని ఇంకా బలంగా తయారు చేయమని ఫ్యాక్టరీలకి చెప్పేముందు, ఉన్న తీగ ఎందుకు తెగిందో తెలుసుకునే పద్ధతి మన దగ్గర ఉండాలి కదా. తెగిన కొనని మైక్రోస్కోపు కింద పెడితే అది చాలావరకు తనే చెబుతుంది. పదే పదే వంగి తెగితే అలల్లాంటి చారలుంటాయి, ఒక్కసారి లాగితే తెగినదైతే కొన సన్నబడి గుంటలు గుంటలుగా కనిపిస్తుంది, తుప్పు తిన్నదైతే పగులు మొదలైన ఆ తుప్పు గుంట అక్కడే ఉంటుంది. లోహం ఏమిటో తేల్చే పరీక్ష కూడా ఉంది. ఇవి చేయగల ఇంజనీరింగ్ కాలేజీలు మన చుట్టుపక్కలే ఉన్నాయి. 2016 బయోమెడికల్ వేస్ట్ నిబంధనల ప్రకారం ఒంట్లోంచి తీసిన లోహం నీలం డబ్బాలోకి పోవాలి, నిజమే, కానీ తెగిన ముక్కని పరీక్ష అయ్యాక ఆ డబ్బాలో వేస్తే వచ్చే నష్టమేంటి?

ఇంప్లాంట్లు ఒంట్లో విఫలమైతే ఫిర్యాదు చేయడానికి 2015 నుంచి మెటీరియోవిజిలెన్స్ అనే జాతీయ కార్యక్రమం ఉంది, గజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ (మందుల ప్రమాణాలు నిర్ణయించే కేంద్ర సంస్థ) చూసుకుంటుంది. బావమరిదితో పాటు వార్డులో ఉన్నవాళ్లని అడిగితే ఆ పేరు విన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఫిర్యాదు చేద్దామన్నా చేతిలో బ్యాచ్ నంబరు ఉండాలిగా. 2017 మెడికల్ డివైజెస్ రూల్స్ ప్రకారం ప్యాకెట్ మీద తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు ఉండాల్సిందే. ఆ ప్యాకెట్ థియేటర్‌లో చింపి పారేస్తారు, వివరాలు అక్కడితో సరి.

నేను అడిగేది రెండే. వేసిన వైరు లేబుల్‌ని డిశ్చార్జ్ సమ్మరీకి అతికించాలి, కుదరకపోతే లోహం, మందం, బ్యాచి చేత్తోనైనా రాయాలి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేసే ఆపరేషన్లకి ఎలాగూ బోలెడు కాగితాలు అప్‌లోడ్ చేస్తున్నారు, అందులో ఈ లేబుల్ ఫొటో ఒకటి చేర్చమని ఆ పథకం నడిపే ట్రస్టు ఒక్క సర్క్యులర్ ఇస్తే చాలు. రెండోది, తెగి బయటికి వచ్చిన ముక్కని కొనలు పట్టకారుతో నలపకుండా, గరుకు గుడ్డతో రుద్దకుండా కడిగి, స్టెరిలైజ్ చేసి, పొడి సీసాలో వేసి, రోగి అడిగితే ఇవ్వాలి, అడక్కపోయినా పరీక్షకి పంపాలి.

బావమరిదికి రెండోసారి ఏ వైరు వేశారో కూడా మాకు తెలియదు. ఈసారి రివ్యూకి వెళ్లినప్పుడు రాసిమ్మని అడగబోతున్నాం, ఇవ్వకపోతే ఆ సంగతీ మీకే రాస్తాను.

– విశ్రాంత వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టర్, సత్యనారాయణపురం, విజయవాడ