గని కార్మికుల సంగతి చెప్పారు, మోడరేటర్ల సంగతీ చెప్పాలి

సంపాదకుల వారికి,

కృత్రిమ మేధ అనగానే నకిలీ వీడియోల గురించి, పోయే ఉద్యోగాల గురించే చర్చ నడుస్తోంది. హత్యలు, ఆత్మహత్యలు, పసిపిల్లలపై అఘాయిత్యాల వీడియోలు మన ఫోన్లలోకి రాకముందే చూసి తొలగించే కంటెంట్ మోడరేటర్ల మాట ఎక్కడా వినిపించదు. హైదరాబాద్‌లోనూ ఈ పని సాగుతోందని 2019లోనే వార్తలొచ్చాయి.

2025 మేలో ఎన్నికైన పోప్ పద్నాలుగో లియో ఆ పేరు ఎందుకు పెట్టుకున్నారో ఆయనే చెప్పారు. పారిశ్రామిక విప్లవం నాటి కార్మికుల కోసం అప్పటి పోప్ పదమూడో లియో 1891లో 'రేరుమ్ నోవారుమ్' అనే విశ్వలేఖ (పోప్ సంఘమంతటికీ రాసే బోధనా లేఖ) రాశారు. ఇప్పుడు కృత్రిమ మేధ మనిషి గౌరవానికి, న్యాయానికి, శ్రమకు కొత్త సవాళ్లు తెస్తోందని ఈ పోప్ అన్నారు. కతోలికుడిగా నాకిది సంతోషమే. కానీ మన గుళ్లలో ప్రసంగాలు ఫోన్ తక్కువ చూడండి, ఫార్వర్డ్‌లు నమ్మకండి అన్న దగ్గరే ఆగిపోతున్నాయి.

ఆ పాత లేఖలో ఇంకా చాలా ఉంది. మనసు మొద్దుబారేలా, ఒళ్లు అరిగిపోయేలా పని చేయించడం అన్యాయమంది. గనుల్లో పని ఆరోగ్యాన్ని ఎక్కువ దెబ్బతీస్తుంది కాబట్టి అక్కడి వాళ్లకు పనిగంటలు తగ్గించాలంది. షిఫ్టంతా హింసను చూస్తూ కూర్చునేవాళ్లకు ఈ మాట వర్తించదా? గతిలేక తక్కువ జీతానికి ఒప్పుకున్నంత మాత్రాన అది న్యాయమైన ఒప్పందం కాదని కూడా ఆ లేఖే చెప్పింది. ఉద్యోగం దొరికితే చాలనుకుని గోప్యత పత్రాల మీద సంతకం పెట్టే కుర్రాళ్లు గుర్తొస్తారు నాకు. రాత్రి నిద్ర పట్టకపోతే ఎందుకో ఇంట్లో వాళ్లకు కూడా చెప్పుకోలేని పరిస్థితి అది.

మానసికంగా దెబ్బతిన్నామని అమెరికాలో మోడరేటర్లు కోర్టుకెళితే, 2020లో ఫేస్‌బుక్ 5.2 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ పరిహారం అమెరికాలో పనిచేసినవాళ్లకే. కెన్యా రాజధాని నైరోబీలో మోడరేటర్లు 2023 మే డే నాడు సమావేశమై యూనియన్ పెట్టుకోవాలని తీర్మానించారు. సంఘం పెట్టుకోవడం కార్మికుల హక్కని 1891 లేఖ ఎప్పుడో ఒప్పుకుంది.

మోడరేటర్ల పనిని మానసిక ఆరోగ్యానికి ప్రమాదకరమైనదిగా తెలంగాణ కార్మిక శాఖ గుర్తించాలి. రోజుకు ఎన్ని గంటలు అలాంటి దృశ్యాలు చూపించవచ్చో పరిమితి పెట్టాలి. ఉద్యోగం మానేశాక కూడా కంపెనీ ఖర్చుతోనే చికిత్స అందాలి. మన బిషప్పులు ఈ కోరికలను బహిరంగంగా, పేరుపెట్టి అడగాలని నా విన్నపం.

– ఒక పాఠకుడు, గుంటూరు