కార్టూన్ కింద పేరు కోసెయ్యకండి సార్

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో నవ్వుల కోసం ఒక చిన్న బాక్సు పెడతారు చూశారా, మా ఇంట్లో పేపర్ రాగానే హెడ్‌లైన్ల కంటే ముందు దానికోసమే లాగులాట, అంత ఇష్టంగా చూస్తాం కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నా. ఈమధ్య అందులో వేస్తున్న కార్టూన్ల కింద "సోషల్ మీడియా నుంచి" అని ఒక లైను వేసి వదిలేస్తున్నారు, ఒక్కోసారి అదీ ఉండట్లేదు. సోషల్ మీడియా బొమ్మలు గియ్యదండీ. ఎవరో ఒక మనిషి రాత్రిపూట ఆఫీసు పనో ఇంటి పనో అయ్యాక కూర్చుని గీస్తేనే అది అక్కడికి వచ్చింది. ఆ మనిషికి ఒక పేరుంది, ఆ పేరు బొమ్మలోనే రాసి ఉంది, మధ్యలో ఎవరో దాన్ని కోసేశారు, కోసేసినదాన్నే మీరు అచ్చేశారు.

పోయిన వారం వేసిందే తీసుకోండి. పెళ్లిచూపులు. సోఫాలో కూర్చున్న అబ్బాయి ఫోన్లో ఉన్న ఫోటోనీ ఎదురుగా ఉన్న అమ్మాయినీ మార్చి మార్చి చూస్తున్నాడు, ఫిల్టర్ పెట్టిన ఫోటోకీ మనిషికీ పోలిక దొరకట్లేదన్నమాట, అటుపక్కన అమ్మాయి వాళ్ల బామ్మ కళ్లజోడు పైకి నెట్టుకుని తన ఫోన్ తీసి అబ్బాయి ఫోటోతో సరిగ్గా అదే పని చేస్తోంది. ఒక్క మాట లేదు, క్యాప్షన్ లేదు, బామ్మ కనుబొమలు రెండే రెండు గీతలు, వాటిలోనే మొత్తం సంబంధం తేలిపోయింది. ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వాం. కానీ కుడివైపు కింద మూల చూడండి. బామ్మకి కాలి వేళ్లు లేవు. అక్కడ సంతకం ఉండేది, దాన్ని తీసెయ్యడానికి కింద నుంచి ఒక పట్టీ లాగా కత్తిరించేస్తే బామ్మ వేళ్లు కూడా దాంతోపాటే పోయాయి, ఇంకా దగ్గరగా చూస్తే ఒక దీర్ఘం కొసా ఒక చుక్కా మిగిలిపోయాయి. ఆ దీర్ఘం ఎవరి పేరులోదో నాకు తెలుసుకోవాలనుంది. ఆవిడో ఆయనో వేసినవి ఇంకో పది బొమ్మలు వెతుక్కుని చూడాలనుంది. ఎలా వెతకమంటారు?

ఇది ఎలా జరుగుతుందో అందరికీ తెలిసిందే. కార్టూనిస్టు తన ఫేస్‌బుక్ వాల్ మీద పెడతారు, ఎవరో స్క్రీన్‌షాట్ తీస్తారు, ఏదో ఒక పేజీ వాళ్లు సంతకం కోసేసి ఆ బొమ్మ నడిమధ్యలో తమ పేజీ లోగో ఇంత లావున కొడతారు, అక్కడ నుంచి వాట్సాప్‌లో స్కూల్ బ్యాచ్ గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, చుట్టాల గ్రూపు. అసలు పంపినవాళ్ల దగ్గర్నుంచి ఐదు చాట్లు దాటితే వాట్సాప్ రెండు బాణాల గుర్తు వేస్తుంది కదా, ఆ గుర్తు పడేసరికి బొమ్మ కన్నవాళ్లు ఎవరో ఎవరికీ తెలీదు. గ్రూపుల్లో ఉండేవాళ్లని నేను పెద్దగా తప్పుపట్టను, నవ్వొచ్చింది పంపారు, అయిపోయింది. పేపర్ అలా కాదండీ. పేపర్లో పడిందంటే అది రికార్డు. రేపు ఎవరైనా పాత సంచికలు తిరగేస్తే ఆ కార్టూన్ ఎవరిదీ కాదనే తేలుతుంది.

కొంతమంది అనొచ్చు, మీమ్‌లకి పేర్లున్నాయా, వాటిని మాత్రం అందరూ వాడుకోవట్లేదా అని. నాకు మీమ్స్ అంటే చాలా ఇష్టం, అదీ ఒక కళే, సినిమాలో ఒక సెకను కూడా లేని ఎక్స్‌ప్రెషన్‌ని పట్టుకుని కరెంటు బిల్లుకో ఇంటర్ రిజల్ట్స్‌కో అతికించడం అందరికీ చాతకాదు. కానీ మీమ్‌కీ కార్టూన్‌కీ ఒక తేడా ఉంది. బ్రహ్మానందం గారి ముఖం కనబడితే కింద పేరు రాయక్కర్లేదు, ఆ ముఖమే ఆయన సంతకం, ఎన్ని వేలసార్లు ఫార్వర్డ్ అయినా ఎంత కత్తిరించినా అది ఆయనదే. అదే బ్రహ్మానందం గారు పెన్సిల్‌తో బొమ్మలు గీస్తారని చాలామందికి తెలిసింది ఎప్పుడంటే, 45 రోజులు కూర్చుని వేసిన వెంకటేశ్వరస్వామి బొమ్మని 2021 జనవరిలో అల్లు అర్జున్‌కి పంపిస్తే ఆయన పోస్ట్ పెట్టి, ఇది బ్రహ్మానందం గారు వేసింది అని పేరు చెప్పినప్పుడు. చెప్పకుండా ఉత్త బొమ్మ ఒక్కటే తిరిగి ఉంటే దేవుడి ఫోటో అనుకుని దణ్ణం పెట్టేసి ముందుకెళ్లిపోయేవాళ్లం. అంత తెలిసిన ముఖం ఉన్న మనిషికే చేతి పని దగ్గరికొచ్చేసరికి పేరు చెప్పేవాళ్లు కావాల్సొచ్చింది. మరి ముఖం ఎవరికీ తెలియని కార్టూనిస్టుకి ఆ మూలనున్న రెండక్షరాలు తప్ప ఇంకేముంది చెప్పండి.

మన దగ్గర ఆ రెండక్షరాలకి ఎంత విలువుండేదో మీకు నేను చెప్పాలా. 1930 ప్రాంతంలోనే లాయరుగా ఉంటూ భారతి పత్రికలో కార్టూన్లు వేసిన తలిశెట్టి రామారావు గారు, ఆయన పుట్టిన మే 20నే తెలుగు కార్టూనిస్టుల దినోత్సవంగా చేసుకుంటున్నాం. చెన్నైలో కాలేజీలో జువాలజీ పాఠాలు చెప్పుకుంటూ జయదేవ్ గారు వేసిన కార్టూన్లు చూసి ఎంతమంది పెన్ను పట్టారో లెక్కలేదు. బాపు గారి సంగతి చెప్పక్కర్లేదు, జడా, చేతిరాతా కూడా ఆయనవే అని తెలిసిపోతాయి, ఆ చేతిరాత ఫాంటు అయి పెళ్లి కార్డుల దాకా వెళ్లింది. అయితే ఇది మనకి ఊరికే తెలిసిపోలేదండీ. వీక్లీలు దశాబ్దాల తరబడి ప్రతి బొమ్మ కిందా పేరు ఉంచితే, వారం వారం చూసి చూసి, ఈ గీత ఈయనది ఆ ముక్కు ఆయన వేస్తారు అని మన కళ్లకి అలవాటైంది. పేరు లేకుండా వందేళ్లు చూసినా అలవాటు కాదు. ఇప్పటి పిల్లలు నలుగురు కార్టూనిస్టుల పేర్లు చెప్పలేరు అని పెద్దవాళ్లు బాధపడుతుంటారు, ఎలా చెప్తారు, వాళ్లు రోజూ కార్టూన్లు చూస్తున్నారు, పేర్లే ఎవరూ చూపించట్లేదు.

అసలు నేను ఎక్కువ చెప్పాలనుకున్నది ఇంకొకటి ఉంది. పేరు లేని జోకుకి జవాబుదారీ ఉండదు. మీ బాక్సులోనే వచ్చే భార్యల జోకులు చూడండి, అప్పడాల కర్ర పట్టుకున్న పెళ్లాం, మంచం కింద మొగుడు, లావుగా ఉన్నావిడ మీద ఒకటి, నల్లగా ఉన్న పెళ్లికూతురి మీద ఇంకొకటి, కోడలి పుట్టింటి మీద మరొకటి. ఇవి ఎప్పటివో, ఎవరు వేశారో, ఏ కాలానికి వేశారో ఏమీ తెలీదు, గ్రూపుల్లో తిరుగుతూ రంగు పోయిన బొమ్మలు. పేరున్న కార్టూనిస్టు అదే వేస్తే చదివేవాళ్లు అడుగుతారు, ఏంటి సార్ ఇంకా ఇదేనా అంటారు, ఆయనో ఆవిడో జవాబు చెప్తారు లేకపోతే ఈసారి ఇంకొంచెం ఆలోచించి వేస్తారు. వేసినవాళ్లెవరో తెలియకపోతే ఎవర్ని అడగాలి? మీరేమో సోషల్ మీడియాది అంటారు, గ్రూపు అడ్మిన్ ఫార్వర్డ్ అంటాడు, అలా అలా ఒంటి రంగు మీద జోకు మన ఇంట్లో ఏడో తరగతి చదువుతున్న అమ్మాయి చేతిలోకి వచ్చి పడుతుంది, ఆ పిల్ల దాన్ని చదివి అద్దం వైపు చూస్తుంది.

రాగతి పండరి గారిని గుర్తు చేసుకోండి. విశాఖపట్నం, చిన్నప్పుడే పోలియో, అయినా పెన్ను వదల్లేదు, తెలుగులో తొలి మహిళా కార్టూనిస్టు అనిపించుకున్నారు, 2015లో పోయారు. బొమ్మ కింద ఆవిడ పేరు ఉండబట్టే కదా ఇది ఒక ఆడమనిషి వేసిన కార్టూన్ అని, మొగుడూ పెళ్లాల జోకు అవతలి కుర్చీలో కూర్చుని కూడా వెయ్యొచ్చని ఎందరో ఆడపిల్లలకి తెలిసింది. ఆ సంతకం కోసేసి ఉంటే? చూసినవాళ్లు అలవాటు కొద్దీ ఎవరో మగాయన వేశాడులే అనుకునేవాళ్లు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో వేస్తున్న అమ్మాయిలు చాలామంది ఉన్నారు, బాగా వేస్తున్నారు, వాళ్ల విషయంలో సరిగ్గా ఇదే జరుగుతోందని నా బాధ.

పైగా పేరు పెట్టి కార్టూన్ వెయ్యడమంటే ఊరికే కాదండీ, ధైర్యం కావాలి. 2012లో కోల్‌కతాలో జాదవ్‌పూర్ యూనివర్సిటీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ అంబికేశ్ మహాపాత్ర ముఖ్యమంత్రి మీద ఒక కార్టూన్‌ని మెయిల్‌లో ఫార్వర్డ్ చేశారని అరెస్ట్ చేశారు, ఆ కేసు నుంచి పూర్తిగా బయటపడేసరికి 2023 జనవరి అయింది, మధ్యలో 2015లో సుప్రీంకోర్టు, ఆన్‌లైన్‌లో పంపిన మాటలకీ బొమ్మలకీ ఇలా కేసులు పెట్టడానికి వాడే ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్ని కొట్టేసింది కూడా. ఉత్త ఫార్వర్డ్‌కే అంత తిప్పలు పడితే సంతకం పెట్టి వేసేవాళ్ల సంగతి ఆలోచించండి. తిట్లు వస్తే వాళ్లకి, కేసు వస్తే వాళ్లకి, లైకులు మాత్రం సంతకం కోసేసిన పేజీకా? ఇదెక్కడి న్యాయం.

చట్టం కూడా వాళ్ల వైపే ఉంది. 1957 కాపీరైట్ చట్టంలో 57వ సెక్షన్ అని ఉంది, బొమ్మ హక్కులు అమ్మేసుకున్నా సరే ఇది నేను వేసింది అని చెప్పుకునే హక్కు వేసినవాళ్లకే ఉంటుంది, తన పరువుకి భంగం కలిగేలా దాన్ని ముక్కలు చేస్తే ఆపమని అడిగే హక్కు కూడా. పాపం మన కార్టూనిస్టులు కోర్టుల చుట్టూ తిరుగుతారా, మహా అయితే ఒక పోస్ట్ పెట్టి, దయచేసి పేరు తియ్యకండి అని బతిమాలతారు. ఆ పోస్టుని మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

2025 మార్చిలో ఏఐతో అందరి ఫోటోలూ గిబ్లీ బొమ్మలైపోయాయి కదా, ఆ వారం ఏ గ్రూపు చూసినా అవే, చూడటానికి ముచ్చటగానే ఉన్నాయి. కానీ అప్పుడు కూడా కనీసం గిబ్లీ అన్న పేరైనా అందరి నోట్లో ఉంది, జపాన్‌లో ఆ స్టూడియో ఉందని, మియజాకి అనే పెద్దాయన ఉన్నాడని అంతవరకు తెలియనివాళ్లకి కూడా తెలిసింది. జపాన్ స్టూడియో పేరు మన చుట్టాల గ్రూపుల్లో నలిగింది, పక్క ఊళ్లో కూర్చుని తెలుగులో వేస్తున్నవాళ్ల పేరు నలగట్లేదు. మన వాళ్లేమీ తక్కువ కాదండీ, సాక్షిలో వేసే శంకర్ గారు నెల్సన్ మండేలా క్యారికేచర్‌కి 2014లో వరల్డ్ ప్రెస్ కార్టూన్ గ్రాండ్ ప్రీ తెచ్చారు, మామూలు విషయమా అది. ఆ మండేలా బొమ్మ కింద పేరు లేకపోతే ఆ బహుమతి ఎవరికి ఇచ్చేవాళ్లు?

అందుకని అడిగేది ఒకటే. మీ దగ్గరికి వచ్చిన కార్టూన్‌లో పేరు లేకపోతే వెయ్యకండి. వెతకడం పెద్ద పనేం కాదు, ఇమేజ్ సెర్చ్‌లో వేస్తే సంతకం ఉన్న అసలు కాపీ చాలావరకు దొరుకుతుంది, దొరక్కపోతే ఇది ఎవరిదో చెప్పండి అని మాలాంటి పాఠకుల్నే అడగండి, చెప్పడానికి పోటీ పడతాం. దొరికాక పేరు వేసి, వాళ్లకి ఒక మాట చెప్పి, అచ్చేసినందుకు ఇవ్వాల్సిన డబ్బులు కూడా ఇవ్వండి. కరోనా టైమ్‌లో కొన్ని వీక్లీలు ప్రింట్ ఆపేశాక కొత్తవాళ్లకి పంపుకోవడానికి చోట్లు బాగా తగ్గిపోయాయి, ఒకప్పుడు మొదటి పేజీలో కాఫీ కంటే ముందు పలకరించే పాకెట్ కార్టూన్ కూడా చాలా పేపర్లలో కనబడట్లేదు, ఆ రెండంగుళాల చోటు మీరు మళ్లీ ఇస్తే నేను చందా ఇంకో ఐదేళ్లకి ఒకేసారి కట్టేస్తా, మా వీధిలో ఇంకో నలుగురి చేత కట్టిస్తా, నిజంగానే చెప్తున్నా.

ముందుగా ఆ పెళ్లిచూపుల కార్టూన్ ఎవరిదో కనుక్కుని, బామ్మ కాలి వేళ్లతో సహా మొత్తం బొమ్మని పేరుతో వచ్చే ఆదివారం మళ్లీ వెయ్యండి. మే 20కి తెలుగు కార్టూనిస్టుల కోసం ఒక ఫుల్ పేజీ ఇవ్వండి, అందులో సగం ఇప్పటిదాకా ఏ పేపర్లోనూ పడని కొత్తవాళ్లకి ఉంచి, పంపాల్సిన అడ్రసూ ఆఖరి తేదీ నెల ముందే ప్రకటిస్తే వాళ్లకి గీసుకునే టైమ్ ఉంటుంది.

ఇట్లు
ఆదివారం పేజీ కోసం ఎదురుచూసే మీ పాఠకురాలు