ఆలస్యమైన ఫ్రేముల గురించి, నా గురించి

ఈ తొమ్మిది వారాల్లో ఫొటోలు ఫ్రేము కట్టించడానికి ఇచ్చిన మీలో చాలామంది ఫోన్లు నేను ఎత్తలేదు. ఎత్తినప్పుడు కూడా "పని ఎక్కువగా ఉందండీ" అని చెప్పి తప్పించుకున్నాను. అది నిజం కాదు. డబ్బు ముందే కట్టి ఎదురుచూస్తున్నవాళ్లతో అబద్ధం ఆడినందుకు క్షమించండి.

జరిగింది ఇది. మా ఆయన నన్ను వదిలేసి వెళ్లిపోయారు. పదకొండేళ్ల కాపురం. ముందురోజు రాత్రి ఇద్దరం కూర్చుని మర్నాడు చేయాల్సిన ఆర్డర్లు వరసగా రాసుకున్నాం. తెల్లారి లేచేసరికి ఆయన బట్టలు లేవు. ఫోన్‌లో మూడు లైన్ల మెసేజ్ ఉంది. ఇక కలిసి ఉండలేనని, వెతకొద్దని. కారణం రాయలేదు. ఇప్పటికీ నాకు తెలియదు. కాబట్టి "ఏమైంది, గొడవ పడ్డారా?" అని మీరు అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ ప్రశ్న నన్ను నేను రోజూ అడుక్కుంటూనే ఉన్నాను.

మొదటి రెండు వారాలు చేతులు ఆడలేదు. షాపు తెరిచేదాన్ని, లైట్లు వేసేదాన్ని, అలా కూర్చుండిపోయేదాన్ని. మీరు ఇచ్చినవాటిలో సగం పెళ్లి ఫొటోలే. ఒక జంట యాభై ఏళ్ల పాత ఫొటో ఇచ్చారు, అంచులు చిరిగి, మధ్యలో మడత పడింది. దాన్ని మౌంట్ మీద, అంటే ఫొటోకి ఆసరాగా ఉండే అట్ట మీద పెట్టి సరిచేయబోతే ఏడుపు ఆగలేదు. ఫొటో మీద నీళ్లు పడతాయని భయమేసి కవర్లో పెట్టి తలుపు వేసుకున్నాను. ఆలస్యానికి అసలు కారణం అదే.

ఒకరోజు గుండెల్లో పట్టేసినట్టయింది. డాక్టరు దగ్గరికి వెళితే ఈసీజీ బాగానే ఉందన్నారు. తీవ్రమైన దుఃఖంలో ఒక్కోసారి గుండె కండరం నిజంగానే కొన్నాళ్లపాటు బలహీనపడుతుందని, చాలామంది కోలుకుంటారని, కానీ అలాంటి నొప్పి వస్తే మాత్రం టెన్షన్‌లే అని వదిలేయకూడదని చెప్పారు. ఆవిడే నన్ను కౌన్సెలర్ దగ్గరికి పంపారు.

కౌన్సెలర్ ఒక పట్టిక చూపించారు. 1967లో హోమ్స్, రాహె అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు తయారుచేసినది. జీవితంలో వచ్చే 43 మార్పులకు, మనిషి మీద పడే ఒత్తిడిని బట్టి మార్కులు వేశారు. జీవిత భాగస్వామి చనిపోవడానికి 100, విడాకులకు 73, భార్యాభర్తలు విడిపోవడానికి 65. వ్యాపారంలో పెద్ద మార్పుకి 39, డబ్బు పరిస్థితి మారడానికి 38. నావి కూడుకుంటూ పోయాను. మార్కులతో బాధను కొలవలేమని ఆవిడా అన్నారు, నాకూ తెలుసు. అయినా, నేను ఇంత డీలా పడిపోవడం చేతకానితనం కాదని ఆరోజే మొదటిసారి అనిపించింది. పౌలిన్ బాస్ అనే అమెరికన్ ఫ్యామిలీ థెరపిస్టు చెప్పిన ఇంకో మాట కూడా అప్పుడే విన్నాను. మనిషి చనిపోతే ఏడవడానికి ఒక పద్ధతి ఉంటుంది. బతికే ఉండి మన దగ్గర లేకపోతే ఆ నష్టం ఎటూ తేలదు, అందుకే దుఃఖం అక్కడక్కడే తిరుగుతుంది. సాయంత్రం బండి చప్పుడు వినిపిస్తే నేను తలుపు వైపు చూస్తున్నది అందుకేనని అర్థమైంది.

ఇక పని సంగతి. కోతంతా ఆయన చూసుకునేవారు, మౌంటు, గాజు, ఫినిషింగు నావి. బీడింగ్‌ను, అంటే ఫ్రేము పట్టీని, మూలల్లో సరిగ్గా 45 డిగ్రీల్లో కోయాలి. ఒక్కో కోతలో అర డిగ్రీ తేడా వచ్చినా నాలుగు పట్టీలకు రెండేసి చొప్పున ఎనిమిది కోతలకు కలిపి నాలుగు డిగ్రీలవుతుంది, ఆఖరి మూల కలవదు, సందు కనిపిస్తుంది. మొదట్లో రోజంతా కోసి ఒక్క ఫ్రేము కూడా కుదరలేదు. తప్పు కోసిన ముక్కలు మూలన గుట్టయ్యాయి. మీ ఆర్డర్ల మీద నేర్చుకోకూడదని ముందు ఆ ముక్కలతోనే చిన్నచిన్న ఫ్రేములు చేసి చేయి తిప్పుకున్నాను. ఇప్పుడు మూల మీద గోరు ఆనించి లాగితే ఎక్కడా తట్టుకోవడం లేదు.

బ్యాంకు పనులు ఇంతకంటే ఏడిపించాయి. ఖాతా ఇద్దరి పేరు మీదా ఉంది, ఓటీపీలన్నీ ఆయన ఫోన్‌కే వెళ్లేవి. సరుకు ఇచ్చేవాళ్లకు నా పేరే తెలియదు. పదకొండేళ్లు కలిసి నడిపిన షాపులో నేను లాగిన్ కాలేకపోయాను. భార్యాభర్తలు కలిసి వ్యాపారం చేస్తున్నవాళ్లు మీలో ఉన్నారు. మీ కాపురం చల్లగా ఉండాలనే కోరుకుంటాను. కానీ ఈ వారమే కూర్చుని ఏ ఖాతాకి ఎవరి నంబరుందో చూసుకోండి. ఇందులో అనుమానమేమీ లేదు, ఒకరికి జ్వరమొచ్చినా ఇంకొకరికి అవసరమే.

ఆర్డరు తీసుకోవడానికి వచ్చిన ఒకావిడ నా మొహం చూసి ఏమీ అడగలేదు. రసీదు వెనక తన నంబరు రాసి, "రాత్రి నిద్ర పట్టకపోతే చేయమ్మా" అని వెళ్లిపోయారు. రెండుసార్లు చేశాను. ఆవిడ ఇది చదువుతుంటే, మీకు నా నమస్కారం.

మొత్తం 27 ఆర్డర్లలో 19 సిద్ధమయ్యాయి. మిగిలిన ఎనిమిదీ ఈ నెలాఖరులోగా ఇస్తాను. ఆగలేనివాళ్లు చెప్పండి, డబ్బు పూర్తిగా తిరిగి ఇస్తాను, మొహమాటపడొద్దు. పాత నంబరుకి డబ్బు పంపకండి, కొత్తది రసీదు మీద ఉంటుంది. "సార్ లేరా?" అని అడిగితే "లేరండీ, నేనే చూస్తున్నాను" అంటాను. దయచేసి అంతటితో ఆపి ఫ్రేము గురించి అడగండి. దాని గురించి ఎంతసేపైనా మాట్లాడతాను.

ఆ యాభై ఏళ్ల పెళ్లి ఫొటో నిన్న రాత్రి పూర్తయింది. మడత పూర్తిగా పోలేదు కానీ మొహాల మీదకు రాకుండా మౌంటు సర్దాను. ఆ పెద్దవాళ్లు ఎప్పుడైనా వచ్చి తీసుకెళ్లొచ్చు.