బిడ్డ దక్కకపోయినా ఆమె బాలింతే

సంపాదకులకు నమస్కారం.

మా చెల్లెలి కోడలికి నెలలు నిండాక బిడ్డ కడుపులోనే పోయింది. ఎందుకు పోయిందో వైద్యులు చెప్పారు. దాని జోలికి నేను వెళ్లడం లేదు. ఆ తరువాత జరిగినదాని గురించే ఈ లేఖ.

కాన్పయ్యాక ఆమెను అదే వార్డులో, అటూ ఇటూ పసిపిల్లలున్న మంచాల మధ్య పడుకోబెట్టారు. బిడ్డను చూస్తావా అని ఎవరూ అడగలేదు. చూస్తే బెంగపెట్టుకుంటుందని పెద్దవాళ్లమే అడ్డుపడ్డాం. ఆ తప్పులో నాకూ వాటా ఉంది. ఆమెకు మత్తు దిగేలోపే మగవాళ్లు బిడ్డను తువ్వాలులో చుట్టి వేగావతి ఒడ్డుకు తీసుకెళ్లారు. సాయంత్రం ఆమె నన్ను అడిగింది, పాపకు జుట్టు ఉందా అని. నేను చూడలేదు. చూసింది ఆమె భర్తే. అతను నాలుగో రోజుకే విశాఖలో పనికి వెళ్లిపోయాడు. రాత్రిళ్లు ఫోను చేసి, ఏమీ మాట్లాడకుండానే పెట్టేసేవాడట.

మూడో రోజు పాలు పడ్డాయి. రవిక తడిసిపోతుంటే ఆ పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. పాలు వస్తాయని గానీ, వస్తే ఏం చేయాలని గానీ ఆసుపత్రిలో ఒక్కరూ చెప్పి పంపలేదు. చివరికి పక్కింటి ముసలమ్మ పాలు ఇంకిపోవడానికి మల్లెపూలు తెచ్చి రొమ్ములకు కట్టింది. పాత వైద్యమే, మన దేశపు వైద్యులు దాన్ని మందుతో పోల్చి పరీక్షించారు కూడా. వేసవి కాబట్టి పూలు దొరికాయి.

ఇక పలకరింపులకు వచ్చిన వాళ్లు. ‘చిన్నవాళ్లేగా, మళ్లీ కంటారులే’ అన్న మాట ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు.

ఆసుపత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి రావాలి. మా ఇంటికి ఒక్కసారే వచ్చింది. ఆమెను తప్పుపట్టను. తూకం వేయడానికి బిడ్డ లేనప్పుడు కాగితం ప్రకారం ఆ ఇంట్లో ఆమెకు పని లేదు మరి. కానీ కుట్లు మానని, నిద్రపట్టని, అన్నం సయించని బాలింత ఒకరు ఆ ఇంట్లోనే ఉన్నారు. ఆరో వారంలో మాత్రం బిడ్డకు టీకా వేయించమని ఫోనుకు సందేశం తప్పకుండా వచ్చింది.

ఈ విషయంలో మనకంటే చట్టమే నయం. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం ‘బిడ్డ’ అన్న మాటలోనే మృతశిశువునూ చేర్చింది. మృతశిశువు పుట్టినా, పుట్టిన వెంటనే బిడ్డ పోయినా 60 రోజుల ప్రత్యేక సెలవు ఇస్తామని కేంద్రం 2022 సెప్టెంబరులో తన ఉద్యోగినులకు చెప్పింది, తల్లి మనోవేదననే కారణంగా చూపి. మరి పలాస జీడిపప్పు పనిలో ఉన్న దినకూలీకి, ఊడ్పులకు వెళ్లే ఆమెకు సెలవు ఎవరిస్తారు? వాళ్ల దగ్గరికి కనీసం మనిషైనా రావాలి కదా.

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వైద్య ఆరోగ్యశాఖ అధికారులను నేను కోరేవి డబ్బుతో ముడిపడినవి కావు, ఒక్కటి తప్ప. ఇలాంటి తల్లికి పసిపిల్లల ఏడుపు వినపడనంత దూరంలో మంచం వేయండి. బిడ్డను చూస్తుందో లేదో ఆమెనే అడగండి; వద్దంటే కాసేపాగి ఇంకోసారి అడగండి. ఇంటికి పంపేముందు పాల సంగతి చెప్పండి. ఆశా కార్యకర్త ఆ ఆరుసార్లూ రావాలి, ఆ రాకలకు ఆమెకు డబ్బూ దక్కాలి. ఖర్చు ఇదొక్కటే. ఇంటికి పంపే కాగితం మీద, మనోవేదనలో ఉన్నవాళ్లకు ఫోనులో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలిమానస్ నంబరు 14416 ముద్రించండి. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ఆ సేవ ఉచితం. రాత్రి ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడతారు. మాకు ఆ నంబరు తెలిసేసరికి ఆరు నెలలు గడిచిపోయాయి.

జుట్టు సంగతి ఆ భార్యాభర్తల మధ్య ఇంతవరకూ రాలేదు. మొన్న నేనే ధైర్యం చేసి అతన్ని అడిగాను. ఉందట, ఒత్తుగా. వెళ్లి ఆమెకు చెప్పాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
బొబ్బిలి, విజయనగరం జిల్లా