హెల్మెట్ సరే, మేస్త్రీ సంగతేంది?

సంపాదకులు గారికి,

మన జిల్లాలో బిల్డింగ్ పనిలో ఎవరన్నా పడిపోతే పేపర్లో 'హెల్మెట్ పెట్టుకోలేదు' అని ఒక లైన్ వస్తాది, అంతటితో ఆ కథ అయిపోతాది. నేను పంతొమ్మిదేళ్లుగా సైట్ సూపర్‌వైజర్‌ని. కూలీలు వినేది బోర్డు మీద రాతని కాదు, ఇంజనీర్నీ కాదు, మేస్త్రీ మాటని. ఆ మేస్త్రీకేమో తాపీ పట్టడం, తూకంగుండు వదలడం తప్ప మనుషుల్ని ఎట్టా నడపాలో ఎవరూ నేర్పించలా. నాకూ నేర్పించలా.

రెండేళ్ల కిందట పొదలకూరు రోడ్డులో ఒక అపార్ట్‌మెంట్ పని, పేర్లు వద్దులే. బయట గోడ ప్లాస్టరింగ్‌కి సరుగుడు బాదులతో పరంజా కట్టాం, సాయంత్రానికి మబ్బు కమ్మింది, నేను కింద నిలబడి 'బిన్నా కానీండి, బిన్నా కానీండి' అని తొందరపెడతా ఒకటే అరుపు. మేస్త్రీ ఒరిస్సా పిల్లోడితో 'ఆ చివర పలక కట్టలా, అటు పోబాక' అన్నాడు. వాడు తలూపాడు. ఊళ్లోకొచ్చి మూడు వారాలే, వాడు దేనికైనా తలూపుతాడు. నేరుగా పోయి ఆ పలక మీదే కాలేశాడు. కింద ఇసుక కుప్ప ఉండబట్టి తుంటి విరగడంతో పోయింది. హెల్మెట్ నెత్తిన ఉండనే ఉండాది!

అమెరికాలో కూలీల గ్యాంగులు నడిపే ఫోర్‌మన్ల కోసం రెండున్నర గంటల పాఠం ఒకటి ఉంది, 2017 నుంచి అక్కడి ఓషా (పనిచోట భద్రత చూసే సర్కారు సంస్థ) 30 గంటల సేఫ్టీ కోర్సులో దాన్ని కూడా కలుపుకుంటా ఉన్నారు. అందులో చెప్పేది పెద్ద సైన్సేం కాదు, ముందు నువ్వు పాటించు, చెప్పిన మాట ఎదుటోడి నోటితో తిరిగి చెప్పించుకో, తప్పు చేస్తే తిట్టకుండా చూపించి నేర్పు, బాగా చేస్తే ఆ మాట వాడితో అను, ఇట్టాంటివే. ఆ రోజు 'యాడికి పోకూడదో వేలు పెట్టి చూపించు' అని అడిగుంటే అర నిమిషం పట్టేది. ఇక బాగా చేశావనడమంటారా, మా దగ్గర పలక కట్టలేదని పని ఆపినోడికి దక్కేది శభాష్ కాదు, సగం రోజు కూలి కోత.

ఇది నేర్పడానికి డబ్బుల్లేవనడానికి లేదు. కట్టడం ఖర్చులో ఒక శాతం కార్మిక సంక్షేమ సెస్సు ప్లాన్ అప్రూవల్ అప్పుడే కట్టించుకుంటా ఉండారు. 2025 దాకా నడిచిన 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టంలో సేఫ్టీ కమిటీ అనేది 500 మంది, ఆపైన పనిచేసే చోటుకే రాశారు, మన నెల్లూరు, కావలి అపార్ట్‌మెంట్లలో రోజుకి ముప్పై నలభై మంది ఉంటే ఎక్కువ. అంటే కమిటీ అయినా ఆఫీసర్ అయినా ఆ మేస్త్రీనే.

కాబట్టి కార్మిక శాఖ వాళ్లు ఈ ట్రైనింగ్ మేస్త్రీలకి పెట్టాల. ఏసీ హాల్లో ఇంజనీర్లని కూర్చోబెట్టి, టిఫిన్ పెట్టి, గ్రూప్ ఫోటో దిగే రకం వద్దు (నేనూ రెండు దిగాను లెండి). సైట్లోనే, పొద్దున్నే, ఆ పూట కూలి పోకుండా డబ్బులిచ్చి, హిందీ ఒరియా వచ్చినోళ్లని ఒకర్ని పక్కన పెట్టుకుని చెప్పాల. కాంట్రాక్టర్లనీ మాలాంటి సూపర్‌వైజర్లనీ కూడా అదే బెంచీ మీద కూర్చోబెట్టండి, బిన్నా బిన్నా అని మేస్త్రీ మెడ మీద కూర్చునేది మేమే కదా. మొదటి బ్యాచ్ పెడితే నేనొస్తా.

ఇట్లు,
ఒక సైట్ సూపర్‌వైజర్,
వేదాయపాళెం, నెల్లూరు