అందరూ సంబరంగా ఉన్నారు, నాకేమో ఏడుపొస్తోంది అన్నావు

స్వర్ణా,

రొమ్ము క్యాన్సర్‌కి కీమో, రేడియేషన్ కూడా అయిపోయాక ఏడుపు రావడమేంటని తెగ ఆశ్చర్యపోతూ రాశావు. రాకేం చేస్తుందే! కీమో రోజుల్లో బుర్రకి తీరిక ఉండదు. తేదీలు, రక్తపరీక్షలు, స్కాన్లు, వాటితోనే సరిపోతుంది. అవన్నీ ఆగాకే భయం తీరిగ్గా వచ్చి కూర్చుంటుంది. నడుం పట్టేసినా ఎముకలకి పాకిందేమో అనిపిస్తుంది. చెకప్ దగ్గరపడితే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. పైగా జుట్టు మళ్లీ వచ్చేసరికి మనం పూర్తిగా బాగైపోయామని చుట్టూ ఉన్నవాళ్లు తీర్మానించేస్తారు.

మన అసలు తంటా వయసుతోనే. పెద్దవాళ్లకి ఎప్పుడో ఆగిపోయిన నెలసరి మనకి కీమో దెబ్బకి ముప్పైల్లోనే ఆగిపోవచ్చు. దానికి తోడు క్యాన్సర్‌ని పెంచే హార్మోన్‌ని అడ్డుకునే టామాక్సిఫెన్ మాత్ర, ఐదేళ్లు, కొందరికి పదేళ్లు. ఒంట్లోంచి సెగలు, రాత్రిళ్లు చెమటలు, ఊరికే చిరాకు. ఇక నువ్వు "ఇంకా ఏవేవో ఉన్నాయిలే" అని దాటేసిన సంగతి నాకు అర్థమైంది. యోని పొడిబారి కలయిక నొప్పిగా ఉండటమే కదా? డాక్టర్ అడగరు, మనం చెప్పం, మొగుడేమో తన మీద ఇష్టం పోయిందనుకుంటాడు. నేను తెగించి అడిగాను. హార్మోన్ లేని మాయిశ్చరైజర్లు, లూబ్రికెంట్లు ఉన్నాయి, చాలామందికి పనిచేస్తాయి. సెగలకి మాత్రం ఎవరో చెప్పారని మందు వేసుకోకు. పారోక్సెటిన్ లాంటి కొన్ని మాత్రలు టామాక్సిఫెన్‌ని శరీరం వాడుకోనివ్వకుండా అడ్డుపడతాయి.

అలసట గురించి ఒక్క ముక్క. అందరూ పడుకోమనే అంటారు, కానీ ఈ అలసట పడుకుంటే తగ్గేది కాదు. రోజూ కాస్త నడిస్తే తగ్గుతుంది, వినడానికి వింతగా ఉన్నా. ఆపరేషన్ తర్వాత కొందరికి వచ్చే చేతి వాపు భయంతో బరువులే ముట్టుకోవద్దనేవారు ఒకప్పుడు. 2009లో ఒక పరిశోధనలో శిక్షకుల దగ్గర మెల్లమెల్లగా బరువులెత్తినవాళ్లకి వాపు పెరగలేదని తేలింది. నువ్వూ ఫిజియోథెరపిస్టుని అడిగే మొదలుపెట్టు. మాటలు మర్చిపోవడం నాకూ ఉంది, మీటింగుల్లో కాగితం ముందు పెట్టుకుని నెట్టుకొస్తున్నాను.

పిల్లల సంగతి చివర్లో, అదీ చిన్న అక్షరాల్లో రాశావు. నీది హార్మోన్ల వల్ల పెరిగే రకం క్యాన్సర్ కాబట్టి ఇది విను. పాజిటివ్ అనే అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. 42 ఏళ్లు మించని ఐదొందల మందికి పైగా ఆడవాళ్లు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్లు టామాక్సిఫెన్ లాంటి హార్మోన్ చికిత్స మందు వాడి, ఆ తర్వాత పిల్లల కోసం కొంతకాలం ఆపారు. మూడేళ్లకు పైగా గమనిస్తే, ఆపినందువల్ల జబ్బు తిరగబెట్టడం పెరిగినట్టు కనిపించలేదు. దీర్ఘకాలం ఎలా ఉంటుందో ఇంకా చూస్తున్నారు. అంటే దారి మూసుకుపోలేదు, అలాగని నీ అంతట నువ్వు మాత్ర ఆపేయడానికీ లేదు. ఎప్పుడు ఆపాలి, ఆపాక ఎన్నాళ్లు ఆగి ప్రయత్నించాలి అన్నది నీ డాక్టరే చెప్పాలి.

ఇంకోటి, నెలసరి రావట్లేదని ధీమాగా ఉండకు. అయినా గర్భం రావచ్చు, టామాక్సిఫెన్ వాడుతుండగా అది బిడ్డకి ప్రమాదం. గర్భనిరోధక మాత్రలు మనకి పడవు, కాపర్-టి గురించి అడుగు. ఈసారి చెకప్‌లో రిపోర్టులు తీసేలోపే ఇవన్నీ మొదలుపెట్టెయ్, లేకపోతే వాళ్లు "అంతా బాగుంది" అనేసి తర్వాతి పేషెంటుని పిలిచేస్తారు. మీ ఆయన్ని బయట కూర్చోబెట్టకు, లోపలికి తీసుకెళ్లు. ఏం చెప్పారో రాయి.

నీ
మాధవి