విత్తు యంత్రాల గొలుసులను పట్టించుకోవాలి

సంపాదకులకు,

మొలకలు పలుచగా వస్తే విత్తనాన్నో వర్షాన్నో తప్పుపడతారే గానీ, సీడ్ డ్రిల్‌లో నేలచక్రం నుంచి గింజలను వదిలే భాగానికి కదలికను అందించే గొలుసును చాలామంది చూడనే చూడరు. తుప్పుపట్టి ఒక్క లింకు బిగుసుకున్నా, అది పళ్లచక్రం మీదికి వచ్చినప్పుడల్లా కుదుపు పుట్టి, సాలులో ఒకచోట గింజలు గుత్తిగా పడి, మరోచోట ఖాళీ మిగులుతుంది. గొలుసు విప్పి ఒక్కో లింకునూ వేళ్లతో వంచి చూస్తే, మొరాయించేది వెంటనే తెలిసిపోతుంది.

యంత్రం వెనక్కి కదిలినప్పుడు గింజలు పడకుండా ఆపే రాట్చెట్ (ఒకవైపే తిరగనిచ్చే పళ్లచక్రం) సంగతి ఇంకా ముఖ్యం. దాని పళ్లలో పట్టుకునే నాలుక మట్టితో బిగుసుకున్నా, స్ప్రింగు నీరసించినా, ముందుకు నడిచేటప్పుడు నాలుక పళ్ల మీంచి జారి కొంతమేర విత్తనమే పడదు. ఆ లోపం మొలకెత్తేదాకా బయటపడదు. చిక్కటి గ్రీజు దుమ్మును పట్టుకుంటుంది కనుక, శుభ్రం చేశాక పలుచని నూనె చాలు.

విత్తే కాలానికి ముందే ఈ తనిఖీ పద్ధతులను మీ వ్యవసాయ పేజీలో బొమ్మలతో ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రైతు